ఐదు స్పీకర్లు, ఒక చెవి

యానాంలో మాకు పెయింట్లు, హార్డ్‌వేర్ సామాన్లు అమ్మే కొట్టు ఉంది. కొట్టు వెనక వీధిలోనే ఇల్లు. ఇంటికి మరమ్మతులు చేయించినప్పుడు మధ్య గోడ తీయించి హాలు పెద్దది చేశాను. అందులో హోమ్ థియేటర్ పెట్టించాలన్నది నాకు చాలా ఏళ్ల కోరిక. సినిమాకి వెళ్తే అందరూ చూసి వచ్చేవారు, నేను విని వచ్చేవాణ్ణి. తలుపు ఎటు పక్క చప్పుడైంది, ఉరుము ఎక్కడ మొదలై ఎక్కడికి పోయింది, ఇవే నాకు గుర్తుండేవి.

మా ఆవిడ తమ్ముడు కనకాలపేటలో ఉంటాడు. పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకు సెట్లు కట్టడం అతని పని. అతనే వచ్చి వైర్లు లాగి, టీవీకి అటొకటి ఇటొకటి, కింద మధ్యలో ఒకటి, సోఫా వెనక రెండు స్పీకర్లు బిగించాడు. బాస్ కోసం ఒక పెట్టె మూలన పెట్టాడు. వీటన్నిటికీ శబ్దాన్ని పంచిపెట్టే రిసీవర్ టీవీ కింద అరలో కూర్చుంది. రిమోట్ మీద ఒక మీట నొక్కుతూ పోతే శబ్దం తీరు మారేది. స్టీరియో పెడితే ముందు రెండే పలికేవి. సరౌండ్ పెడితే మాటలు మధ్య స్పీకర్‌లోంచి, వానా గాలీ వెనక నుంచి వచ్చేవి. స్టేడియం అని ఒకటుంది, అది పెడితే హాలంతా గుయ్‌మనేది.

మొదటిసారి సరౌండ్ పెట్టి సినిమా వేసినప్పుడు వెనక ఎవరో తలుపు కొట్టినట్టయింది. మా అమ్మాయి లేచి వీధి తలుపు తీసి చూసొచ్చింది. ఆ రోజు ఎంత నవ్వుకున్నామో! ఆ తరవాత ఏ సినిమాకి ఏ మోడ్ పెట్టాలన్న దాని మీద నాకూ దానికీ రోజూ వాదనే. క్రికెట్‌కి స్టేడియం పెట్టాలని అది, వ్యాఖ్యానం వినపడదని నేను. "మీ గోల్లో కుక్కర్ కూతలు ఇనపడి చావట్లేదు," అని వంటింట్లోంచి మా ఆవిడ.

ఒకరోజు పొద్దున్న లేచేసరికి నా ఎడమ చెవి మూసుకుపోయినట్టుంది. గులిమి అనుకున్నాను. మధ్యాహ్నానికి ఆ చెవిలో మోటారు తిరుగుతున్నట్టు హోరు మొదలైంది, బయటి శబ్దం మాత్రం ఏదీ లోపలికి పోవడం లేదు. కాకినాడ తీసుకెళ్లారు. డాక్టరు పరీక్షలు చేసి, నరం దెబ్బతిందన్నాడు. ఎందుకని అడిగితే, చాలామందికి కారణం తెలియదన్నాడు. మాత్రలు వాడాను, కర్ణభేరి లోపలికి ఇంజెక్షన్లు చేయించుకున్నాను. కొందరికి తిరిగి వస్తుందట, కొందరికి రాదట. నాకు రాలేదు.

ఒక చెవి పోతే సగం వినపడుతుందనుకుంటారు జనం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ పోయింది సగం కాదు. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియడం పోయింది. అన్నీ కుడి పక్కనే. రోడ్డు దాటుతుంటే ఆటో హారన్ వినపడుతుంది, అది నా వీపు మీదికి వస్తోందో, ఎదురుగా వస్తోందో తెలియదు. కొట్లో జనం ఉంటే ఎవరేం అడుగుతున్నారో ఒకళ్ల మాట ఒకళ్ల మాటలో కలిసిపోయేది. దరియాలతిప్ప నుంచి వచ్చే పాత ఖాతాదారు ఒకాయన ఎడమ పక్క నిలబడి ముమ్మారు అడిగి, "డబ్బున్నోడికి పొగరు కూడా వచ్చేసిందండి," అని వెళ్లిపోయాడు. పక్కవాళ్లు చెప్తే తెలిసింది.

ఇంట్లో మా ఆవిడ పెరట్లోంచి పిలిస్తే నేను వీధివైపు చూసేవాణ్ణి. "అటేటండీ చూస్తారు, ఇటున్నాను కదా!" అని విసుక్కునేది. ఆవిడ తప్పేం లేదు. పొద్దస్తమానం అదే జరుగుతుంటే ఎవరికైనా విసుగొస్తుంది. నా బాధ ఏమిటో చెప్పబోయేవాణ్ణి. వినపడడం లేదా అంటే వినపడుతోంది. మరేంటి అంటే, ఆ పైన మాటలు దొరికేవి కావు.

హోమ్ థియేటర్ వేస్తే అసలు భరించలేకపోయాను. ఇంత బతుకూ నేను ముచ్చటపడిన వాన, గాలి, వెనక తలుపు చప్పుడు, అన్నీ వచ్చి హీరో మాటల మీద పడి ముద్దయిపోయాయి. కట్టేశాను. టీవీకి ఉన్న చిన్న స్పీకర్‌తో చూడడం మొదలుపెట్టాం. అమ్మాయి నోరెత్తలేదు. అది మౌనంగా సర్దుకుపోవడం నాకు ఇంకా కష్టంగా ఉండేది. చివరికి బావమరిదికి ఫోన్ చేసి, "మొత్తం విప్పుకుని మీ ఇంటికి పట్టుకుపో. వాడేవాళ్లింట్లో ఉంటే బాగుంటుంది," అన్నాను. ఆదివారం వస్తానన్నాడు.

ఆ ఆదివారం కొట్టు తొందరగా కట్టేసి ఇంటికి వచ్చాను. వీధిలోకే సినిమా వినపడుతోంది. బావమరిది వచ్చి ఆఖరిసారి వేసి చూస్తున్నాడేమో అనుకున్నాను. లోపలికి వెళ్తే అతను లేడు. నేను ఎప్పుడూ కూర్చునే చోట మా ఆవిడ కూర్చుని ఉంది. ఎడమ చెవి నిండా దూది కుక్కుకుని, దానిమీద అరచెయ్యి అదిమి పెట్టుకుంది. రెండో చేతిలో రిమోట్. ఒక మోడ్ పెట్టి కాసేపు వినడం, మళ్లీ మీట నొక్కడం.

ఆవిడకి ఎడమ పక్క, గుమ్మంలో నిలబడి పిలిచాను.

ఆవిడ చటుక్కున కుడివైపు తిరిగి వంటింట్లోకి చూసింది. అక్కడెవరూ లేకపోయేసరికి వెనక్కి చూసింది. ఆ తరవాత గానీ నేను కనపడలేదు.

"మీరు ఇటున్నారా?" అంది. టీవీ కట్టేసింది. చెవి మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడను? ఏం చేస్తున్నావు నువ్వు?"

"తమ్ముడొచ్చి పట్టుకుపోయేలోగా, మీకు పనికొచ్చేది ఇందులో ఒక్కటైనా ఉందేమో చూద్దావని. నా రెండు చెవులతో వింటే నాకేం తెలుస్తది?" అంటూ దూది తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. "ఇలాగుంటదాండీ మీకు? పొద్దున్న లేచిన కాణ్ణుంచీ ఇలాగే ఉంటదా?"

"ఊఁ."

"మీకు వినపడట్లేదేమో అనుకున్నానండి ఇన్నాళ్లూ. వినపడతానే ఉంది. ఎక్కడుందో తెలీట్లేదు." ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎన్నిసార్లు కసురుకున్నాను మిమ్మల్ని!"

నేను ఎవరికీ చెప్పుకోలేకపోయిన దాన్ని ఆవిడ చిన్న మాటల్లో చెప్పేసింది. పక్కన కూలబడ్డాను. కూర్చున్నాక చూసుకుంటే ఆవిడ నా ఎడమవైపు ఉంది. ఆవిడ లేచి చుట్టూ తిరిగి వచ్చి నా కుడి పక్కన కూర్చుంది.

"స్టేడియం పనికిమాలింది," అంది ముక్కు చీదుకుని. "మాటకి మాట తగులుకుంటంది. స్టీరియోలో ఎడం పక్కోడు మాట్టాడితే గోడవతలోడు మాట్టాడినట్టుంది. మోనో అని ఒకటుందండి, అది వినండి."

పెట్టింది. అన్నీ మధ్య స్పీకర్‌లోంచి వచ్చాయి. చాలా రోజుల తరవాత సినిమాలో ప్రతి మాటా నాకు తెలిసింది. సంతోషించవలసిందే. కానీ వాన పడుతున్న చోట అది వానలా లేదు, ఎవరో నూకలు చెరుగుతున్నట్టుంది. నా మొహం చూసి, "నాకూ నచ్చలేదులెండి," అంది మా ఆవిడ.

అంతలో బావమరిది అట్టపెట్టెలు వేసుకుని ట్రాలీ ఆటోలో దిగాడు. అక్క చేతిలో దూది, ఎర్రబడ్డ కళ్లూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటయ్యిందక్కా?"

జరిగింది చెప్పింది. అతను రిసీవర్ ముందు కూర్చుని, "మోడ్ సరౌండే ఉంచుదాం బావా. మధ్య స్పీకర్ సౌండు పెంచేసి, వెనకవి బాగా తగ్గించేద్దాం. దేనికదే మార్చుకోవచ్చు ఇందులో. నాకు ఫోన్ చేసినప్పుడు ఇనపడట్లేదు అన్నావు గానీ ఇలాగని చెప్పలేదు కదా," అన్నాడు.

సోఫాని కొంచెం తిప్పి, నా కుడి చెవి మధ్య స్పీకర్ వైపు ఉండేలా జరిపాం. అతను రిసీవర్‌లో ఒక్కొక్కటీ మారుస్తుంటే మా ఆవిడ మళ్లీ దూది పెట్టుకుని నా పక్కన కూర్చుని, "చాలు", "ఇంకొంచెం", "వాన తగ్గించు" అంటూ చెప్పింది. నేను చెప్పవలసినవన్నీ ఆవిడే చెప్తోంది, సరిగ్గానే చెప్తోంది. ట్యూషన్ నుంచి వచ్చిన అమ్మాయి తల్లి చెవిలో దూది చూసి, "అమ్మకి కూడానా?" అని బెంబేలెత్తిపోయింది. దానికి నచ్చజెప్పి అందరం భోజనానికి లేచేసరికి పొద్దు వాలింది. అట్టపెట్టెలు ఖాళీగానే కనకాలపేట వెళ్లిపోయాయి.

వాన ఎటు పక్క పడుతోందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ మాటల వెనక ఎక్కడో పడుతూ ఉంటుంది, అది వానే అని తెలుస్తుంది. అమ్మాయి స్నేహితులు వస్తే దానికి కావలసినట్టు పెట్టుకుంటుంది. అప్పుడు నేను కాసేపు వాళ్ల మధ్య కూర్చుని, ముద్దయిపోయిన ఆ శబ్దంలో ఏమీ అర్థం కాకపోయినా, వాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరగడం చూస్తాను.

ఆ ఆదివారం మర్నాడే మా ఆవిడ కొట్టుకి వచ్చింది. ఎక్కడెక్కడ నిలబడి జనం నన్ను పిలుస్తారో చూసింది. గల్లాపెట్టె బల్లని నా ఎడమ పక్క గోడకి ఆనించేలా జరిపించింది. ఇప్పుడు ఎవరొచ్చినా నా కుడివైపుకే రావాలి. దరియాలతిప్ప ఆయన్ని ఆవిడే ఫోన్ చేసి పిలిపించి, ఏ చెవి ఏమిటో చెప్పింది. ఆయన నొచ్చుకుని, నా భుజం మీద చెయ్యేసి, కొట్టంతా వినపడేలా, "ముందే చెప్పాలి కదండీ బాబూ!" అన్నాడు. అంత గట్టిగా అరవక్కర్లేదని చెబుదామనుకుని, ఊరుకున్నాను.