బరువు దించిన చాచా

మొన్న శుక్రవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే చాచీ ఫోన్ చేసింది. "మీ చాచా పోయిండు బేటీ" అంది. నిద్రలోనే పోయారట. బ్యాగు భుజాన వేసుకుని అలాగే కుర్చీలో కూర్చుండిపోయాను.

ఆయన మాకు బంధువు కాదు. సిద్దిపేటలో మా వీధి మలుపులో చెప్పులు కుట్టే దుకాణం ఆయనది. పోలియో వచ్చిన పిల్లలకు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, బూటు కలిపి కాలిపర్లు కూడా చేసేవారు. మగ్గం నేసే మా నాయిన, నాకు ఆరేళ్లప్పుడు నన్ను ఎత్తుకుని అక్కడికి తీసుకెళ్లాడు. చాచా కాలిపర్ తొడిగాక మొదటిసారి గోడ పట్టుకోకుండా నిలబడ్డాను.

కొలతలు తీసేటప్పుడు పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, దానికోసం దుకాణమంతా వెతికేవారు. నాకు కనిపిస్తూనే ఉండేది. చెప్పేదాన్ని కాదు.

పదేళ్లప్పుడు పట్టీ తెగిందని తీసుకెళ్తే, చాచా కాలిపర్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. బూటు అడుగు అరగలేదు. తోలు కొత్తగానే ఉంది.

"నిజం చెప్పు బేటీ. ఇది ఏస్కుంటలేవు గదా?"

తల దించుకున్నాను. రోజూ బడికి వెళ్లగానే దాన్ని విప్పి బెంచీ కింద దాచేదాన్ని. "మస్తు బరువున్నది చాచా. కాలు లేపరాదు. అది లేకుంటె మోకాలు మీద చెయ్యి వెట్టుకోని ఆటకన్న పోత" అన్నాను.

నాయిన కోప్పడబోయాడు. చాచా ఆయన్ని ఆపి, కాలిపర్‌ను ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు తీసుకెళ్లి తక్కెట్లో పెట్టారు. పళ్లెం దబ్బున కిందికి దిగింది. రెండో పళ్లెంలో మూడు కిలోల తూకపు రాళ్లు వేస్తే గానీ లేవలేదు. తిరిగి వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇన్నేండ్లు ఎంత గట్టిగ చేద్దామనే సూసిన. మోసే పిల్లను అడగనే లేదు" అన్నారు.

కొన్నాళ్లకు పేపరు ముక్క ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రాకెట్ల కోసం తయారుచేసిన, తేలికైన గట్టి పదార్థంతో హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో కాలిపర్లు చేస్తున్నారని అందులో ఉంది. ముగ్గురం బస్సెక్కాం.

దారిలో నాయిన అడిగాడు, "గదే మంచిగుంటె నీ దగ్గరికి ఎవరొస్తరు భాయ్?"

"రాకుంటె రాకపాయె. చెప్పులు కుట్టుకుంట. పిల్ల ఉరుకుడు సూడాలె గదా!"

నా పాత కాలిపర్ ఎవరు చేశారని డాక్టరు అడిగితే, చాచా తప్పు చేసినవాడిలా మెల్లగా చెయ్యెత్తారు. డాక్టరు దాన్ని ముందుకూ వెనక్కూ వంచి చూసి, "కొలత ఎక్కడా తప్పలేదే! మాకు ఇలాంటి చేతులే కావాలి" అన్నారు. చాచా చెవులు ఎర్రబడ్డాయి.

నా కాలి అచ్చు తీసుకున్నారు. మళ్లీ వెళ్లిన రోజు కొత్త కాలిపర్ తొడిగారు. పాత అలవాటు కొద్దీ బలమంతా పెట్టి కాలు లేపాను. అనుకున్నదానికంటే జానెడు పైకి లేచింది! వెనక్కి పడబోతుంటే చాచా పట్టుకున్నారు.

"యా అల్లా! రాకెట్ సామాను అన్నరు గని, నిజంగనె ఎగురుతవా ఏంది!"

వార్డంతా నవ్వింది. ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు ఆ వరండాలో ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచానో! ఆఖరి బస్సు దొరకదని నాయిన బతిమాలితే గానీ ఆగలేదు.

ఆ తర్వాత చాచా వారానికోసారి హైదరాబాదు వెళ్లి, అచ్చు తీయడం, కొత్త పట్టీలు అమర్చడం నేర్చుకున్నారు. చంద్లాపూర్ నుంచీ మర్కూక్ నుంచీ పిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు ఆయన దుకాణానికి వచ్చేవారు. "బరువైతున్నదా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. పిల్ల జవాబు చెప్పేదాకా పెద్దవాళ్లను నోరు విప్పనిచ్చేవారు కాదు. "మోసెటోల్లే నాకు పాఠం జెప్పే సార్లు" అనేవారు.

టీవీలో రాకెట్ ప్రయోగం ఉందంటే ఇక సూది కదలదు. అది పైకి లేవగానే దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చాయ్. "గంత పైకి పోయెటోల్లు మన కాళ్ల సంగతి గుడ అర్సుకున్నరు. సుట్టాలే గదా!" అనేవారు. ఒకసారి ప్రయోగం వాయిదా పడితే రెండు రోజులు సరిగ్గా తినలేదు. "బిడ్డ పెండ్లి ఆగినట్టు జేస్తుండు" అని చాచీ ఒకటే నవ్వు.

చిన్నకోడూరులో నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున ఆయన అడిగింది ఒక్కటే.

"ఆఫీసుకు మెట్లెన్ని?"

"పదకొండు చాచా."

"అయితె మడిమె కాడ జర వంపు మార్వాలె. కూసో."

మూడోనాడు వాళ్లింటికి ఫాతిహా ప్రార్థనకు వెళ్లాను. లోపల తెల్లటి దుప్పటి పరిచారు. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్తున్నారు. ఆయన దగ్గర కాలిపర్లు చేయించుకున్న పదిమందిమి మాత్రం అక్కడే ఆగిపోయాం. బూట్లు విప్పాలంటే కాలిపర్లూ విప్పాలి. విప్పితే నడవలేం.

చాచీ మమ్మల్ని చూసింది. "ఏమాయె? గట్లనే రాన్రి. మీతోని ఇప్పిస్తే మీ చాచా లేసొచ్చి నన్ను తిడ్తడు" అంది. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

దువా ముగిసి లేచేసరికి, తెల్ల దుప్పటి నిండా మా దుమ్ము అడుగులు. ఒకటి నిండుగా, ఒకటి సగంగా. చాచీ కోడలు దుప్పటి దులపడానికి వంగింది. చాచీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఆ అడుగుల పక్కనే కూర్చుంది.