చెవులు మూసుకున్న నేరం

తన చెవులను కాపాడుకున్నందుకు ఒక స్త్రీని, మనిషిని కాల్చడానికే కాచుకుని కూర్చున్నదని అనుమానించారు. చెవులు కాపాడుకొమ్మని ఆమెకు నేర్పినవారు, కాపాడుకున్నందుకు అనుమానించినవారు ఒకే కౌంటీ సర్కారు జీతం తింటున్నారు. నేర్పినప్పుడు పంచిన కాగితం మీద ఏ ముద్ర ఉన్నదో, విచారణకు రమ్మన్న కాగితం మీద కూడా అదే ముద్ర ఉన్నది. రెండూ భద్రంగానే ఉన్నాయి. కావలసినవారు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఆ స్త్రీ పేరు ఒలీటా క్రిగ్లర్. వెస్ట్ వర్జీనియా కొండల్లో, టాన్సీ వాగు దారి చివరి ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. భర్త పోయిన నాటి నుంచి చర్చిల్లోనూ బడుల్లోనూ పియానోలకు శ్రుతి సరిచేసి బతుకుతున్నది. రెండు తీగలూ ఒకే స్వరం పలుకుతున్నాయని మనకు తోచేచోట, వాటి మధ్య సన్నగా ఊగే తేడా ఆమెకు వినిపిస్తుంది. ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

ఆ కొండల్లో మగవాళ్ళ సంగతి వేరు. జింకల వేటకు చెవుల్లో ఏదైనా పెట్టుకుని వెళ్ళినవాణ్ణి మళ్ళీ వేటకాలం వచ్చేదాకా ఏడిపిస్తారు. ఆమె అన్న డెల్మర్‌కు ఎడమ చెవి తుపాకి మోతలకు ఏనాడో పోయింది. చర్చి విందులో అతడి ఎడమ పక్కన కూర్చున్నవారు ఎన్నిసార్లు అడిగినా బంగాళదుంపల గిన్నె వారిదాకా రాదు. అయినా ఆ చెవుడంటే అతడికి గర్వమే.

ఆ దారిలో రెండిళ్ళు పగటిపూటే దొంగల పాలైన తరువాత, ఇంటి రక్షణ ఎలాగో నేర్పుతామని కౌంటీ పోలీసులు, అంటే షెరీఫు కార్యాలయంవారు, అగ్నిమాపక కేంద్రంలో తరగతి పెట్టారు. పాఠం చెప్పినవాడు ప్రూయిట్ అనే డిప్యూటీ. తుపాకి మోతనుంచి చెవులను కాపాడే డిప్పల జతను అతడు పైకెత్తి చూపగానే డెల్మర్ లేచాడు.

"దొంగ లోపలికొచ్చాక చెవులు మూసుకోవడమేంట్రా ప్రూయిట్? వాడు మెట్లెక్కుతున్నాడో దిగుతున్నాడో ఎట్లా తెలుస్తుంది?"

"మూసుకోకపోయినా నీకు తెలీదు గదా పెదనాన్నా!"

హాలంతా గొల్లుమన్నది. ప్రూయిట్ గొంతు పెంచాడు. "నాలుగు గోడల మధ్య ఒక్క గుండు పేలితే చాలు, చెవి పోతుంది. పోయిందంటే మళ్ళీ రాదు. అందుకే డిప్పల్ని తుపాకి గొట్టానికే తగిలించి పెట్టండి. అది చేతికొస్తే ఇవీ రావాలి. ఇంట్లో పదేపదే చేసి అలవాటు చేసుకోండి."

ఒలీటా చెయ్యెత్తింది. "ఎదుటివాడు ఏమన్నా అంటే వినపడుతుందా నాయనా?"

"అరిస్తే వినపడుద్ది ఒలీటమ్మా."

"అరవకపోతే?"

"ఇంట్లో దూరినవాడి గుసగుసలు మనకెందుకమ్మా!"

మళ్ళీ నవ్వులు. ఒలీటా కూడా నవ్వింది. అడిగినదానికి జవాబు వచ్చిందో రాలేదో ఆమెకు తేలలేదు. కానీ చెప్పినది చెప్పినట్టు చేసింది. పడకగదిలో షాట్‌గన్ గొట్టానికి డిప్పలు తగిలించింది. తీయడం, పెట్టుకోవడం, గురి చూడటం వంట చేసుకునే మధ్యలో సాధన చేసింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం పొయ్యి మీద ఆపిల్ గుజ్జు దాల్చినచెక్కతో చిక్కబడుతున్నది. అడుగంటకుండా కలుపుతూ ఉండగా వెనుక తలుపు ఫెళ్ళుమని విరిగింది. గరిటె వదిలి పడకగదికి పరుగెత్తింది. తుపాకి అందుకుంటే డిప్పలు చేతికి వచ్చాయి. గొట్టం మీది నుంచి తీస్తేగాని గురి కుదరదు. తీసినవాటిని చేతులు, అలవాటు చొప్పున, చెవులకే చేర్చాయి.

లోకం ఒక్కసారిగా దూది మూటలో పడినట్టయింది. గుండె చప్పుడొక్కటే మిగిలింది. పడకగది గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. ఒక చెయ్యి కోటు లోపల ఉన్నది. "కదలకు!" అని ఆమె అరిచింది, ఆ అరుపు ఆమెకే నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది. అతడి పెదవులు కదిలాయి. భుజం కాస్త తిరిగింది. తన మీదికి రావడానికా, వెళ్ళిపోవడానికా? పెదవులు మళ్ళీ కదిలాయి. ఆమె కాల్చింది.

గుండు తొడలో దిగింది. కిందపడినవాడి కాలికి తన ఏప్రన్‌తోనే గట్టిగా కట్టు కట్టి, ఒలీటా ఫోను అందుకున్నది. అవతల ఎవరూ పలకడం లేదనుకుని ఇంటి గుర్తులు చెప్పినవే మళ్ళీ మళ్ళీ చెప్పింది. డిప్పలు ఇంకా చెవుల మీదే ఉన్నాయని చాలాసేపటికిగాని గమనించలేదు.

వచ్చినవాడు ప్రూయిటే. గాయపడినవాణ్ణి అంబులెన్సు ఎక్కించి తిరిగివచ్చి, ఆమె మెడకు వేలాడుతున్న డిప్పల వంక చూసి ఏదో రాసుకున్నాడు.

"అవెందుకు రాస్తున్నావు నాయనా?"

"ఉన్నది రాయాలి గదమ్మా."

తుపాకినీ డిప్పలనూ సాక్ష్యమని సంచిలో వేసుకుని వెళ్ళాడు. పొయ్యి మీది గుజ్జు మాడి బొగ్గయింది.

ఇంట్లో చొరబడినవాణ్ణి కాల్చే హక్కు అక్కడి చట్టంలో ఉన్నది. వెనుదిరిగినవాణ్ణి కాల్చే హక్కు లేదు. గాయపడిన మనిషి ఆసుపత్రిలో చెప్పినది ఒక్కటే: "కాల్చొద్దు, వెళ్ళిపోతున్నా అన్నాను." కౌంటీ ప్రాసిక్యూటర్ ఒలీటాను పిలిపించాడు.

"చెవి డిప్పలు తగిలించుకునే తీరిక ఉన్నవారికి ప్రాణభయం ఉన్నదంటే ఎలా నమ్మమంటారు?"

"మీవాళ్ళే నేర్పారండీ."

"వాళ్ళు నేర్పింది చెవుల సంగతి. నేనడిగేది తీరిక సంగతి. అతను ఏమన్నాడు?"

"తెలీదండీ."

"వినిపించుకోలేదా?"

"వినపడలేదండీ."

"ఒకే స్వరంలో రెండు తీగల తేడా వినేవారికి, గుమ్మంలో నిలబడ్డ మనిషి మాట వినపడలేదా?"

ఆయన అడిగినది అన్యాయమని ఒలీటాకు తెలుస్తున్నది. ఎక్కడ అన్యాయమో చూపలేకపోయింది.

ఇంటికి తీసుకువస్తూ డెల్మర్ బండి ఆపి అన్నాడు: "నేనైతే ఆ మాట వినుండేవాణ్ణి చెల్లీ."

"ఏ చెవితో అన్నా?"

"వెటకారాలొద్దు. కుడి చెవితోనే. విని, కాల్చకుండా ఆగేవాణ్ణి." మళ్ళీ బండి కదిలించాడు. "ఆగితే వాడు కోట్లోంచి ఏం తీసేవాడో. ఏమో, నాకేం తెలుసు."

"కోట్లో ఏమీ లేదంటన్నా. ప్రూయిట్ చెప్పాడు."

"అది ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలుసా?"

"తెలీదు. డిప్పలు పెట్టుకోకుండా కాల్చుంటే భయపడి కాల్చాననేవాళ్ళు. నా చెవులు పోయేవి. పెట్టుకోకుండా వినుంటే..."

చలికాలం గడిచింది. ప్రాసిక్యూటర్ కేసు పెట్టడు, లేదని చెప్పడు. చర్చివారు కొందరు పియానో సంగతి తరువాత చూద్దామంటున్నారు. పిలిచినచోట ఒలీటా తీగ బిగిస్తూ మధ్యలో ఆగిపోతుంది. ఆ పెదవులు ఎన్నిసార్లు కళ్ళముందు కదిలినా వాటికి మాట అతకడం లేదు. ఒకరోజు "వెళ్ళిపోతున్నా" అన్నట్టే ఉంటుంది. మరునాడు అలా ఉండదు. ఆమె చెవులు మాత్రం చెక్కు చెదరలేదు. అందుకు సంతోషించవచ్చునో కూడదో ఆమెకు తెలియడం లేదు.

ఇంతలో అగ్నిమాపక కేంద్రంలో తరగతి మళ్ళీ మొదలైంది. అదే పాఠం, అదే కాగితం. ఎదుటివాడి మాట వినపడదన్న సంగతి అందులో ఇప్పటికీ లేదు.

షెరీఫు గారూ, ప్రాసిక్యూటర్ గారూ, మీరు ఒకే భవనంలో, ఒకే మెట్ల మీదుగా ఎక్కి దిగుతున్నారు. ఒక్కసారి కలిసి కూర్చోండి. తుపాకి పట్టిన మనిషి చెవులు మూసుకోవాలో వద్దో తేల్చండి. మూసుకుంటే ప్రాణం కోసం వేడుకునే మాట వినపడదని, మూసుకోకపోతే జీవితాంతం మరే మాటా సరిగా వినపడకపోవచ్చునని మీ కాగితంలో రాయండి. ఆ రెండింటిలో ఏది ఎంచుకున్నా దానిని హత్యాబుద్ధికి రుజువుగా చూపబోమని దాని కిందనే సంతకాలు చేయండి. అది చేసేదాకా ఒలీటా క్రిగ్లర్‌ను మరో ప్రశ్న అడగకండి. ఆమె మీద కేసు లేదని ఈ వారమే రాసి ఇవ్వండి.