తొమ్మిది కోట్ల ఏళ్ల నాటి గాలి

చమురు కంపెనీ ఆఫీసులో అందరూ ఆవిణ్ణి సముద్రం మేడం అనేవారు. నిజానికి ఆవిడకు నీళ్లంటే భయం. ఎన్నడూ మోకాలి లోతు దాటి దిగలేదు. తొమ్మిది కోట్ల ఏళ్ల కిందటి సముద్రం మాత్రం ఆవిడ కంప్యూటర్లో పద్దెనిమిదేళ్లుగా పొంగుతూనే ఉంది.

వినడానికి పని సులువే. తీరం వెంట గాలి వీస్తే పైనీరు పక్కకు జరిగి, అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది. దానితో వచ్చిన పోషకాలు తిని కంటికి కనపడని జీవాలు కోట్లకొద్దీ పెరుగుతాయి, చచ్చి అడుగున నల్లటి బురదవుతాయి. ఆ బురదే రాయై, లోతున ఉడికి చమురిస్తుంది. ఆనాటి గాలి ఎటు వీచిందో లెక్కగడితే నల్లరాయి ఎక్కడుందో అంచనా దొరుకుతుంది.

"అంత పాత గాలి సంగతి చెప్తావు గదా, సాయంత్రానికి ఈ దుప్పటి ఆరుతుందో లేదో చెప్పమ్మా," అనేది అత్తగారు.

"అది నా శాఖ కాదత్తయ్యా," అని ఆవిడ బకెట్టు పట్టుకుని మేడెక్కేది.

ఒకరోజు డైరెక్టరు పిలిచాడు. కంపెనీ అప్పటికే ఒక స్థలం ఎంచుకుని, శంకుస్థాపన చేసి, ఫొటోలు కూడా దిగింది. అక్కడ తవ్వాలో వద్దో తేల్చడమొక్కటే మిగిలింది.

ఆవిడ ఆరు వారాలు లెక్కలు నడిపింది. గాలి నేరుగా ఒడ్డుకే కొట్టింది, అడుగునీరు కదల్లేదు. పటంలో నల్లరాయి ఉండే చోటు ఎర్రగా వస్తుంది, ఆ చోటు మాత్రం నీలంగా మిగిలింది.

"ఎర్రగా రావాలి కదమ్మా," అన్నాడు డైరెక్టరు.

"రాలేదండీ."

"గాలిని కాస్త తిప్పి చూడకూడదూ? అప్పుడెవరు చూశారు గనక?"

"అటు కొండలున్నాయండీ, తిరగదు."

"అయితే కొండలు తీసెయ్యండి."

ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొండల జోలికి పోకుండా, ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టింది. మర్నాడే బయటినుంచి ఒక నిపుణుడు దిగాడు. ఆయనా కొండల్ని ముట్టుకోలేదు. నీలానికి బదులు ఎరుపు వేశాడంతే. అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగు నెలలు తవ్వితే బూడిదరంగు బంకమట్టి వచ్చింది. విచారణ సంఘం ఆవిణ్ణే పిలిచింది.

"లేదని రాశారు, సరే. గట్టిగా ఎందుకు రాయలేదు?"

డైరెక్టరుకు పైపదవి వచ్చింది. ఆవిణ్ణి రాళ్ల గోదాముకు బదిలీ చేశారు. బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలు అక్కడ పెట్టెల్లో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మూడు అర్జీలు పెట్టాక కంప్యూటరూ వచ్చింది. గోదాముకు వెళ్లిన మొదటి వారమే, పటంలో తాను ఎప్పుడో ఎర్రగా చూపించిన చోటి కడ్డీ తీసి చూసింది. మధ్యలో జానెడు మందాన నల్లటి పొర. గోటితో గీకి వాసన చూసింది. కిరోసిన్ వాసన! ఇన్నేళ్లలో దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదలు. కళ్లు చెమర్చాయి.

"చూశారా, ఇది ఇక్కడుంటుందని నేను ముందే చెప్పాను," అంది గోదాము గుమాస్తాతో.

ఆయన రిజిస్టరు ముందుకు తోశాడు. "ముట్టుకున్నారు కదండీ, సంతకం పెట్టండి."