ఫ్యూజు కొంగున ఉంటేనే

ఎనభయ్యో దశకం మొదట్లో, పెళ్లయిన కొత్తలో నేను జహీరాబాద్‌లో ఒక అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేశాను. గిరగిరా తిరిగే రోలరుకు బిగించిన బ్లేడ్లు అట్టను పెట్టె ఆకారంలో కోసేవి. కోతలో మిగిలిన ముక్కలు ఆ బ్లేడ్ల సందుల్లో ఇరుక్కునేవి. మెషీన్ ఆపి వాటిని వేళ్లతో పీకడం నా పని.

మెషీన్ నడిపే ఖాజామియా తాత మాత్రం స్విచ్చు ఆపితే సరిపోదనేవాడు. బోర్డులోంచి మెషీన్ ఫ్యూజు తీసి నా కొంగున ముడి వేయించేవాడు.

"ఫ్యూజు నీ కొంగుల ఉంటెనే చెయ్యి పెట్టాలె బిడ్డా" అనేవాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎలాగూ ఆగింది కదా అని, స్విచ్చు కూడా ఆపకుండా రోలరులో చెయ్యి పెట్టి ముక్కలు పీకుతున్నాను. ఉన్నట్టుండి నెత్తిమీద ఫ్యాను తిరిగింది. చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా తోచలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

రోలరు కదల్లేదు.

కళ్లు తెరిచేసరికి తాత గుమ్మం దగ్గర జొన్నరొట్టె తింటున్నాడు. పక్కన రొట్టె చుట్టిన గుడ్డ మీద మా మెషీన్ ఫ్యూజు ఉంది. కరెంటు పోగానే దాన్ని తీసి పెట్టుకోవడం ఆయన అలవాటట.

"కరెంటు పోయింది గంతే బిడ్డా, సచ్చిపోలే. మల్ల రాదా?" అని రొట్టె తుంచి ఇచ్చాడు. అది నా వేళ్ల సందుల్లోంచి జారి కింద పడింది. ఇంకో ముక్క తుంచాడు.

ఇప్పటికీ కరెంటు లేకపోయినా సరే, ప్లగ్గు తీసి ఒళ్లో పెట్టుకున్నాకే మిక్సీలో చెయ్యి పెడతాను. మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. రోజూ దానికి జడ వేసేది ఈ వేళ్లే.