రెంటచింతల మలుపులో దిగని పొద్దు

రంజాన్ నెలలో ప్రయాణాలు పెట్టుకోవద్దని మా అమ్మ చెప్పేది. అమ్మ పోయాక ఇది మూడో రంజాన్. ఆమె మాట కాదని ఈసారి గుంటూరు నుంచి మాచర్లకు ఒక్కపొద్దుతో వెళ్లాను. మాది తెలుగు మాట్లాడే ముస్లింల ఇల్లు, ఉర్దూ ముక్క రాదు, రోజాని ఒక్కపొద్దు అనే అంటాం. పల్నాడు దారిలో రంజాన్‌లో వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. వెళ్లిన పని అనుకున్నట్టు జరగలేదు, అది ముందే చెప్పేస్తే నాకూ కాస్త బరువు దిగుతుంది.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. ల్యాబు సెల్లారులో ఉంటుంది. కిటికీ లేదు, పొద్దు పొడిచిందో కుంగిందో తెలియదు, ఏ మసీదు అజానూ అక్కడికి దిగిరాదు. అందుకని రంజాన్ మొదలవగానే మసీదులో ఇచ్చే వేళల కార్డు చూసి ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను. అది మోగగానే తొడుగులు తీసి, చేతులు కడుక్కుని, మెట్ల మీద కూర్చుని ఒక ఖర్జూరం తిని నీళ్లు తాగుతాను. పైకి వెళ్లేవాళ్లు నన్ను దాటుకుని వెళ్తుంటారు. నాలుగు గుటకలు మింగేలోపు లోపల మిషను కూత పెడుతుంది, మళ్లీ వెళ్లిపోతాను. ఇన్నేళ్లుగా నా ఇఫ్తార్ అదే. దేవుడికి సరిపోతుందేమో గానీ నాకు సరిపోవడం లేదు.

మా ఖాసింబీ అక్కది మాచర్ల. బావ నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు, అక్క బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఒక్కపొద్దుతో అంతమంది పిల్లలకు వండుతూ, ఉప్పు సరిపోయిందో లేదో నాలిక చివర పెట్టి చూసి ఉమ్మేస్తుంది. చిన్నప్పుడు నేనూ అక్కా ఒకే పళ్లెం ముందు కూర్చుని అజాన్ కోసం చెవులు రిక్కించేవాళ్లం. అమ్మ పోయాక ఒక్కసారైనా అలా కూర్చోలేదు. పండగనాడు అక్క అత్తగారింట్లో ఉంటుంది, అక్కడ నాతో మాట్లాడటానికి తీరికే దొరకదు. సిగ్గెందుకు, ముప్పై నాలుగేళ్లదాన్ని, నాకు మా అక్క పక్కన కూర్చుని ఒక్కపొద్దు విడవాలనిపించింది. అందుకోసం పండగ రోజు డ్యూటీ నేను చేస్తానని తోటి అమ్మాయికి మాటిచ్చి, ఆమె దగ్గర ఒక మధ్యాహ్నం, మర్నాటి పొద్దున కొనుక్కున్నాను.

గుంటూరు నుంచి మాచర్లకు నేరుగా పాసింజరు ఉంది కానీ దాని వేళ నా డ్యూటీకి కుదరదు. సికింద్రాబాద్ వైపు వెళ్లే బండెక్కి నడికుడిలో దిగి, అక్కడ మాచర్ల బండి అందుకోవాలన్నది నా లెక్క. జనరల్ టికెట్టు యాభై రూపాయల లోపే. సత్తెనపల్లి దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగ, ఆ తర్వాత కల్లాల్లో ఎండబోసిన మిర్చి. ఎర్రగా, కంటికి ఇంపుగా ఉంటుంది గానీ ఆ ఘాటు ఎండిన గొంతులోకి దిగితే మాత్రం తెలుస్తుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ కూర్చున్నాను.

మూడున్నరకు నడికుడిలో దిగితే, మాచర్ల బండి ఆలస్యమన్నారు. ఎంత ఆలస్యమో చెప్పలేదు. సాయంత్రపు అసర్ నమాజు వేళయ్యే దాకా బల్ల మీద కూర్చున్నాను. ప్లాట్‌ఫాం చివర టీ కొట్టు నడిపే పెద్దావిడ నన్ను చాలాసేపటి నుంచి చూస్తోంది.

"ఏందమ్మా, అట్టా వాడిపోయావు? టీ పొయ్యనా?"

"ఒక్కపొద్దు పెద్దమ్మా. నమాజు చేసుకోవాలి, ఇక్కడ పడమర ఎటు?"

"ప్రయాణంలో గూడానా? మీ వోళ్లు ప్రయాణంలో ఉండక్కర్లేదంటారే. మా పక్కింటి మౌలాలి చెప్పాడులే." ఆమె చేత్తో పడమర చూపించి, కొట్టు వెనక చీపురుతో ఊడ్చి చోటు చేసింది. "ఈడ చేసుకో. ఎవరూ తొక్కరు."

ఆమె చెప్పింది నిజమే. ప్రయాణంలో ఒక్కపొద్దు మానేసి తర్వాత ఉండొచ్చు. నాలుగు రకాతుల నమాజు కూడా ప్రయాణంలో రెండే. ఆ రెండూ చదువుకున్నాను, సగం తగ్గించిన దేవుడికి మనసులో దండం పెట్టుకున్నాను. ఒక్కపొద్దు మాత్రం తగ్గించుకోదలచుకోలేదు. మానేస్తే ఇక అక్క దగ్గరికి ఎందుకు వెళ్తున్నట్టు? బజ్జీలు తినడానికా?

అయిదవుతున్నా బండి జాడ లేదు. ఇక లాభం లేదని బయటికొచ్చి దాచేపల్లి సెంటరుకు ఆటోలో వెళ్లి, గురజాల బస్సెక్కాను. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు లేదు, కార్డు మాత్రం మరిచిపోకండి. గురజాలలో దిగేసరికి మాచర్ల బస్సు వెళ్లిపోయింది. స్టాండు బయట ఒక ఆటో డ్రైవరు పిలుస్తున్నాడు.

"ఇప్పుడే పోయిందమ్మా. ఇంకోటి ఎప్పుడొస్తదో ఆళ్లకే తెలీదు. రెంటచింతల దాకా దింపుతా, ఆడ్నించి మాచర్లకు బండ్లు చానా ఉంటయ్. నలభై ఇయ్యి చాలు."

"పొద్దు గుంకేలోపు మాచర్ల చేరగలనా అన్నా?"

"చూద్దాం ఎక్కమ్మా" అన్నాడు. చూద్దాం అన్నాడంటే చేరలేమని అర్థం. తెలిసీ ఎక్కాను.

లోపల మిరపకోతల నుంచి వస్తున్న ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. నాకు దొరికింది వెనక అరుగు, వీపు డ్రైవరు వైపు, మొహం వచ్చిన దారి వైపు. పక్కన కోటమ్మ అనే ఆవిడ కూర్చుంది, అరవై ఉంటాయేమో. కారం మంటకు రెండు చేతులూ తడిగుడ్డలో చుట్టుకుంది. అక్కకు ఫోన్ చేసి దారిలో ఉన్నానని చెప్పాను. "రా రా, శనగపిండి కలిపి పెట్టా, నువ్వొచ్చాకే నూనెలో వేస్తా" అంది. ఆ గొంతు విన్నాక నాకు ఆటో మరీ నెమ్మదిగా పోతున్నట్టు అనిపించింది. దారిలో ఇద్దరు దిగారు, ఒకామె సంచి వెతుక్కుంది, ఇంకొకామె చిల్లర కోసం డ్రైవరుతో గొడవ పడింది. నేను లోలోపల అందర్నీ తిట్టుకున్నాను. నోటితో ఒక్కపొద్దు, మనసుతో తిట్లు.

రెంటచింతల ఇంకా రాకముందే ఫోన్‌లో అలారం మోగింది. అయిపోయింది, అక్కతో కూర్చోవడం ఇక లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఒక్కపొద్దు విడవడం ఆలస్యం చేయకూడదు కదా, సంచిలోంచి ఖర్జూరం తీసి, దువా చదువుకుని నోట్లో వేసుకున్నాను. పొద్దుటి నుంచి ఎండిన గొంతు, సీసా ఎత్తి సగం నీళ్లు ఒక్క ఊపున తాగేశాను. కోటమ్మ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి "ఒక్కపొద్దు విడుస్తందే, జరుగు కాస్త" అంది. ఆ ఇరుకులోనే నాకు చోటిచ్చారు.

అప్పుడు ఆటో పెద్ద మలుపు తిరిగింది. ఎండ నేరుగా నా మొహాన కొట్టింది. పొలాల మీద, ఎర్రగా, నిండుగా, పొద్దు ఇంకా ఉంది.

ముందు అర్థం కాలేదు. తర్వాత ఫోన్ వంక చూశాక వెలిగింది. అలారం గుంటూరు కార్డు చూసి పెట్టుకున్నది. నేను పడమటికి ఇంత దూరం వచ్చాను, ఇక్కడ పొద్దు మూడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా దిగుతుంది. ఇది చిన్నప్పుడే మా మసీదులో మౌల్వీగారు చెప్పిన సంగతే. సెల్లారులో ఉన్నంతకాలం ఫోనే నాకు పొద్దు. ఇవాళ ఆకాశమంతా నా చుట్టూ ఉంటే, దానికి వీపు పెట్టుకుని కూర్చుని ఫోన్ మాట విన్నాను. పొద్దు ఉండగా తిన్నాక ఇంకేముంది, ఆ ఒక్కపొద్దు పోయినట్టే. దానికి బదులు మళ్లీ ఒక రోజు కజా ఉండాలి.

"ఏందమ్మా, నీళ్లు పొలమారినయ్యా?" అంది కోటమ్మ.

సంగతి చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది, ఆపుకోలేకపోయాను.

"ఇంత దానికా? నాలుగు నిమిషాలకి గూడా లెక్కేసుకుంటాడా మీ దేవుడు?"

"ఆయన సంగతి కాదు పెద్దమ్మా. పొద్దుటి నుంచి ఆగినదాన్ని, ఆ కాస్త ఆగలేకపోయా."

"ఆఁ, దానిదేముంది, ఇంకో రోజుండు. మొన్న శివరాత్రికి మా కోడలు సగం పొద్దయ్యాక మరిచిపోయి టీ తాగింది. అత్తా ఇప్పుడెట్టా అంటే, నోరు కడుక్కుని మళ్లీ మొదలెట్టవే అన్నా." ఆటోలో అందరూ నవ్వారు. ఏడుస్తూనే నాకూ నవ్వొచ్చింది. ఇంతలో ఊళ్లోంచి అజాన్ వినిపించింది. చెవులారా అజాన్ విని ఎన్నాళ్లయిందో. విడవడానికి మాత్రం నా దగ్గర ఏమీ మిగల్లేదు.

రెంటచింతలలో మాచర్ల బస్సు వెంటనే దొరికింది. ఏడు దాటాక అక్క ఇంటికి చేరాను. బావ మసీదుకు వెళ్లాడు. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమే నాగూర్‌బీ, ఇదా రావడం? ఒక్క ఖర్జూరం నోట్లో ఏసుకుని కూర్చున్నా, మెతుకు ముట్టలా."

చాప మీద అన్నీ సర్ది ఉన్నాయి, సబ్జా గింజల షర్బత్, కోసిన పుచ్చకాయ. బజ్జీలు నన్ను చూశాకే వేసి తెచ్చింది. అవన్నీ చూస్తే నాకు అబద్ధం చెప్పాలనిపించింది. కానీ అక్క మొహం చూసి చెప్పలేకపోయాను. జరిగిందంతా చెప్పాను. కొట్టినంత పని చేస్తుందనుకున్నాను, బజ్జీ ఒకటి తుంచి నా నోట్లో పెట్టింది.

"ముందు తిను. కజా ఎప్పుడుంటావు?"

"పండగెళ్లాక ఎప్పుడో. ల్యాబులో."

"ల్యాబులో ఒక్కదానివే దేనికే? నాకూ ఉన్నయ్‌గా. ఆడోళ్లకి ప్రతి ఏడూ ఉండేయ్యేగా."

నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు ఒక్కపొద్దు ఉండదు. ఆ రోజుల లెక్క పండగ తర్వాత కట్టుకోవాలి. ఆ కజాలకు రంజాన్ సందడి ఏమీ ఉండదు. ఊరంతా మామూలుగా తింటుంటే, ఇంట్లోవాళ్లకు వండిపెడుతూ, ఎవరికీ చెప్పకుండా ఉండాలి. అప్పుడు అక్క నెమ్మదిగా అంది.

"అమ్మ కజాలు ఎప్పుడుండేదో నీకు తెలుసా?"

తెలియదు. నిజంగా తెలియదు.

"చానా రోజులు నాకూ తెలీదు. బడి నుంచి వచ్చి అన్నం పెట్టమంటే పెట్టేది, మనం తినేవోళ్లం. ఓ రోజు సందేళ నీళ్ల కోసం వంటింట్లోకి పోతే, పొయ్యి కాడ నిలబడి ఒక్కతే ఖర్జూరం తింటంది. ఏందమ్మా అంటే, ఏం లేదులే పో అంది."

నాకు అమ్మ మీద బెంగ, కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి. అడిగితే చెప్పేదేమో, మేమెవరమూ అడగలేదు. అక్కే "ఇక్కడికే రా. ఇద్దరం కలిసి ఉందాం. పండగెళ్లాక రెండో గురువారం నేను సెలవు పెడతా" అంది. పళ్లెం చెరో వైపు నుంచి ఖాళీ చేశాం. ఒక్కపొద్దు లేని ఇఫ్తార్ అది, అయినా నాకు ఎంతో రుచిగా ఉంది.

మర్నాడు పొద్దున్నే నేరుగా వచ్చే పాసింజరులో గుంటూరుకు తిరిగొచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. ఉద్యోగంలో ఒక్కపొద్దుని నిలబెట్టుకోవడమంటే వేళకు అలారం పెట్టుకోవడమే అనుకున్నాను ఇన్నాళ్లూ. వేళ నాకు బాగానే దొరికింది, పక్కన మనిషే దొరకలేదు. మా అమ్మకైతే ఇంటినిండా మనుషులుండీ దొరకలేదు. మీరు రంజాన్‌లో ఇటు వస్తే నా సలహా ఒక్కటే: ఇఫ్తార్ వేళ బయల్దేరిన ఊరిది కాదు, మీరున్న చోటిది చూసుకోండి. పడమటికి పోతుంటే మరీ జాగ్రత్త. అనుమానం వస్తే ఆటో ఆపించి ఒకసారి బయటికి తొంగి చూడండి, డ్రైవరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పండగ వెళ్లాక రెండో గురువారానికి సెలవు అడిగాను. మా సార్ క్యాలెండర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ రోజు మీకేం పండగ ఉందమ్మా? ఇందులో ఏమీ లేదే" అన్నాడు.

"పండగేం లేదు సార్. ఒక్కపొద్దు" అన్నాను. "ఈసారి మా అక్క కూడా ఉంటుంది."