ఆర్డిస్ చేతికొచ్చిన స్టీరింగు

ఆర్డిస్ ట్వేట్‌కు రాని పని లేదని ఆ ఊళ్లో అందరూ ఒప్పుకునేవారు, ఒక్క బండి వెనక్కి తీయడం తప్ప. బడి వంటగదిలో మూడు వందల మంది పిల్లలకు వండి పెట్టింది. ఉత్తర డకోటా చలిలో టమాటాలు పండించింది. కానీ పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం చర్చి ముందు కారు వెనక్కి తీయబోయి కంచె విరగ్గొట్టి, పాస్టరుగారి గులాబీ మొక్కల మీదికి ఎక్కించింది. ఆ ఊరివాళ్లు ఎవరి పెళ్లి ఎప్పుడైందో మరిచిపోతారు గానీ ఇలాంటివి మరవరు. ఆమె కారు తాళాలు చేతిలోకి తీసుకుంటే చాలు, "గులాబీలు లోపల పెట్టుకోండర్రా" అని ఎవరో ఒకరు కేకేసేవారు. వినీవినీ విసిగిపోయి తాళాలు మొగుడి చేతికే ఇచ్చేసింది.

మొగుడు లైల్ ధాన్యం లారీలు నడిపినవాడు. చేతిలో స్టీరింగు ఉంటే అతని జోకులకు అంతుండేది కాదు. ఉద్యోగాలు మానేశాక ఇద్దరూ ఇల్లు అమ్మేసి, పొయ్యీ మంచమూ స్నానాలగదీ అన్నీ లోపలే ఉండే పెద్ద ఇంటిబండి కొన్నారు. చలికాలం అరిజోనా ఎడారిలో, ఎండాకాలం కొండల్లో. ఎక్కడ ఆపితే అదే వాకిలి.

వాళ్లతో పాటు రెండు కుక్కలు. గస్ అనేవాడు నల్లటి దూడంత ఉంటాడు. ఒక రైతు పొలం అమ్ముకుని వెళ్లిపోతూ, ట్రాక్టరు కొన్నవాళ్లున్నారు, నాగలి కొన్నవాళ్లున్నారు గానీ వీణ్ని మాత్రం ఎవరూ అడగలేదని వాపోతే ఆర్డిస్ తీసుకొచ్చింది. రెండోది పెన్నీ. అది మూరెడు పొడవు, జానెడు ఎత్తు. వయోమింగ్‌లో ఒక పెట్రోలు బంకు దగ్గర తెరిచి ఉన్న తలుపులోంచి తనంతట తానే ఎక్కి, ఆర్డిస్ సీట్లో కూర్చుని, దిగమంటే గుర్రుమంది. ఎవరిదని చుట్టుపక్కల వాకబు చేస్తే ఎవరిదీ కాదన్నారు. "మనమే దానివాళ్లం అయ్యుంటాం" అన్నాడు లైల్.

గస్ నడవా పొడుగునా పడుకునేవాడు. స్నానాలగదికి వెళ్లాలంటే వాణ్ని దాటి వెళ్లాల్సిందే. పెన్నీ ముందు అద్దం దగ్గర నిలబడి, కనబడిన ప్రతి ఆవునూ తిట్టేది. ఆవులు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో దానికి గొంతు బొంగురుపోయేది.

అలా కొన్నేళ్లు హాయిగా గడిచాయి. ఒక వసంతంలో నెబ్రాస్కా మీదుగా వస్తుంటే లైల్ అడిగాడు.

"ఆ బోర్డు మీద ఏం రాశారు?"

"ఏ బోర్డు? అంత పెద్ద అక్షరాలు కనబడట్లేదా నీకు?"

"అద్దం మురికిగా ఉందిలే."

ఆర్డిస్ అద్దం తుడిచింది. మురికి అద్దం మీద లేదు. ఇద్దరూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. లైల్ చూపులో సరిగ్గా నడుమ ఒక నల్లమచ్చ పుట్టింది, అది పెరుగుతుంది, తగ్గదు. అంచులు కనబడతాయి, ఎదురుగా ఉన్నది కనబడదు. ఇక బండి నడపకూడదు.

కూతురు కోరిన్ బిస్మార్క్ నుంచి, వాళ్లు బండి ఆపిన ఊరికి పరిగెత్తుకొచ్చింది. మంచిపిల్ల. వాళ్ల కోసం తన ఇంటి దగ్గరే ఒక అపార్ట్‌మెంటు కూడా చూసిపెట్టింది.

"లిఫ్టు ఉందమ్మా. పక్కనే ఆసుపత్రి. ఒక్కటే... అక్కడ చిన్న కుక్క ఒకటి మాత్రమే ఉంచుకోనిస్తారు."

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. "మరి గస్?"

"ఎవరైనా మంచివాళ్లకి ఇద్దాం. నేను చూస్తాగా."

గస్ తన పేరు విని తోక నేలకేసి కొట్టాడు. లైల్ చేయి కిందికి జారి వాడి చెవి వెతుక్కుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను జోకు వేయకుండా అంతసేపు ఉండటం ఆర్డిస్ చూడలేదు. అది చూడలేకే ఆమె నోట ఆ మాట వచ్చింది.

"బండి నేను నడుపుతాను."

కోరిన్ నవ్వింది. నవ్విన మరుక్షణమే తప్పుచేసినట్టు మొహం పెట్టింది. "అమ్మా, నువ్వు... గులాబీలు..."

"ఆ గులాబీలు చచ్చాయి, ఆ పాస్టరూ పోయాడు. ఆ కథ కూడా పోవాలి ఇక."

మర్నాటి నుంచి ఊరి బయట సంత మైదానంలో పాఠాలు మొదలయ్యాయి. మొదటిరోజే చెత్తడబ్బా నలిగింది. రెండోరోజు దీపస్తంభం వంగింది. లైల్ పక్కసీట్లో కూర్చుని, ఎదురుగా ఏమీ కనబడకపోయినా బ్రేకు తొక్కుతున్నట్టు కాలు నేలకేసి నొక్కేవాడు.

"నువ్వు అరవకు, లైల్. నువ్వు అరిస్తే నా కాళ్లు వణుకుతాయి."

"నేనెక్కడ అరిచాను? అరిచింది పెన్నీ."

"ఇద్దరూ నోరు ముయ్యండి!"

ఆ రోజు ఆమె బండి మధ్యలో ఆపేసి, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. లైల్ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చూడు ఆర్డీ. నాకు ఎదురుగా ఏమీ కనబడదు. కానీ పక్కలన్నీ కనబడతాయి. గోడలు, గట్లు, చెట్లు, నీ చెంప మీది కన్నీళ్లు కూడా. నీ భయమంతా పక్కల గురించే కదా? ఎక్కడ తగులుతుందో, ఎక్కడ గీరుకుంటుందోనని. నువ్వు నడుమ చూసుకో, అంచులు నేను చూస్తా. ఇద్దరం కలిసి ఒక డ్రైవరు అవుతాం."

"ఒకటిన్నర" అంది ఆర్డిస్ ముక్కు తుడుచుకుంటూ. "అరిచినప్పుడు నువ్వు సగమే."

గడ్డి కోతలు మొదలయ్యే నాటికి ఆమె లైసెన్సు సంపాదించుకుంది. జులైలో పడమటి వైపు బయల్దేరారు. మొంటానా గాలికి బండి ఊగిపోతుంటే స్టీరింగు పట్టుకుని, బడి వంటగదిలో పాడుకునే పాటలన్నీ గట్టిగా పాడింది. మొదటి కనుమ దాటి అవతలి లోయలో ఆపినప్పుడు చేతులు చాచి చూసుకుంది. అవి ఎవరివో అన్నట్టున్నాయి ఆమెకు.

ఇడహో కొండల్లో, ఏటి పక్కన ఒక చిన్న మకాం ఉంది. పొడుగాటి దేవదారు చెట్ల కింద పదీ పదిహేను బండ్లు ఆగేచోటు. అక్కడికి చేరేసరికి పక్క స్థలంలో, కారు వెనక లాక్కెళ్లే ఇంటి ట్రెయిలరు ముందు మడతకుర్చీ వేసుకుని డెల్బర్ట్ అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒంటరివాడు. వేటకుక్కలు రెండు, ఒక చేపలగాలం, తరగని అభిప్రాయాలు అతని ఆస్తి. ఆడమనిషి బండి వెనక్కి తీస్తోందని చూసి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

"ఏమోయ్ పెద్దమనిషీ, ఆవిడతో నడిపిస్తున్నావా? నా ట్రెయిలరుకు ఇన్సూరెన్సు ఉంది, కానీ నాకు లేదు!"

"నేను చూడలేనయ్యా" అన్నాడు లైల్.

"నేనూ చూడలేకపోతున్నాను!"

ఆర్డిస్ మూడుసార్లు ముందుకీ వెనక్కీ కదిపి సరిగ్గా చెట్ల మధ్య నిలబెట్టింది. "మూడుసార్లు పట్టింది" అన్నాడు డెల్బర్ట్. ఆ వారమంతా ఏటి దగ్గరా, నీళ్ల కుళాయి దగ్గరా అతనికి అదే మాట. ఆమె అతని కుక్కలకు మాత్రం రోజూ ఎముకలు వేసింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కొండ అవతల పొగ లేచింది. ఆ కొండల్లో ఎండాకాలం పొగ కొత్తేమీ కాదు. కానీ గాలి తిరిగింది. చూస్తుండగానే ఆకాశం ఇటుకరంగుకు మారింది. షెరీఫు మనిషి ఒకతను జీపులో వచ్చి హారను మోగిస్తూ ప్రతి బండి దగ్గరా ఆగాడు.

"అందరూ కదలండి! ఇప్పుడే! లోయదారి ఒక్కటే ఉంది, అది కూడా ఎంతసేపు ఉంటుందో చెప్పలేం!"

మకాంలో ఉన్నవాళ్లు ఉన్నట్టుగా బయల్దేరారు. కానీ చాలామంది పొద్దున్నే పడవల మీద ఏటి ఎగువకు వెళ్లారు. డెల్బర్ట్ కూడా వాళ్లతోనే గాలం పట్టుకుని పోయాడు. వాళ్లను అటువైపు నుంచే బయటికి తీసుకెళ్తున్నారు. వాళ్ల కుక్కలు మాత్రం ఇక్కడ ట్రెయిలర్ల లోపల మొరుగుతున్నాయి.

ఆర్డిస్ బండి దిగింది. "ఎక్కడికమ్మా?" అని అరిచాడు షెరీఫు మనిషి. "ముందు మనుషులు బయటపడాలి!"

"మనుషులకు కాళ్లున్నాయి, జీపులున్నాయి, నువ్వున్నావు. కుక్కలకు గడియ తీయడం రాదు బాబూ. నువ్వు అటు తియ్యి, నేను ఇటు తీస్తా."

అతను ఒక్క క్షణం ఆమెను చూసి, గొడ్డలి తీసుకుని అటు పరిగెత్తాడు. డెల్బర్ట్ తాళంచెవి మెట్టు కిందే ఉంటుందని మకాంలో అందరికీ తెలుసు. వేటకుక్కలు రెండూ ఎముకల ఆవిడను చూసి నేరుగా వచ్చి బండెక్కాయి. ఇంకో ట్రెయిలరుకు తాళం వేసి ఉంటే, లైల్ చేతులతో తడిమి కిటికీ జాలీ ఊడదీశాడు. ఆ కిటికీలోంచి ఒక వణుకుతున్న బొచ్చుకుక్క, దాని వెనకే ఎవరూ అడగని పిల్లి ఒకటి దూకాయి. షెరీఫు మనిషి విడిపించి తెచ్చినవి కూడా ఎక్కాక బండి నిండింది. గస్ మాత్రం పొగకు బెదిరి బయట నేల మీద చతికిలబడ్డాడు. నెట్టితే కదలడు, లాగితే కదలడు. లోపలినుంచి పెన్నీ తన సీట్లో పిల్లి కూర్చుందని చూసి ఆకాశం విరిగిపడ్డట్టు అరిచింది. ఆ కేకకు గస్ దిగ్గున లేచి, పెన్నీకి ఏమైందోనని తలుపు దగ్గర వాలుగా వేసిన చెక్క మీదుగా పరుగున ఎక్కేశాడు. ఆర్డిస్ తలుపు వేసింది.

లోయదారికి ఒక పక్క బండ, ఇంకో పక్క ఏరు. మొదటి మలుపు దాటగానే పొగ తెరలా దిగింది. బూడిద అద్దం మీద రాలుతోంది. ముందు వెళ్తున్న బండి ఎర్రదీపాలు ఒకసారి కనబడి మాయమైపోయాయి. ఆర్డిస్‌కు తన బండి మూతి కూడా కనబడలేదు.

"లైల్, నాకు నడుమ ఏమీ కనబడట్లేదు."

"నాకు వసంతం నుంచీ కనబడట్లేదు. ఏం పర్వాలేదు, అలవాటవుతుంది." అతను కిటికీ దించి, తల పక్కకు తిప్పి, కంటికొస నుంచి రోడ్డు అంచును చూశాడు. "తెల్లగీత ఉంది. కుడిచక్రం పక్కనే ఉంది. అలాగే పో. కొంచెం ఎడమకి... ఇంకొంచెం... చాలు. మన ఊరి మంచుతుపానులో రాలేదా మనం? ఇదీ అంతే, రంగే వేరు."

"అప్పుడు నడిపింది నువ్వు."

"ఇప్పుడు నడిపేది నువ్వు. గీత వంగుతోంది, ఎడమకి తిప్పు. తిప్పు, తిప్పు. ఆ!"

మండుతున్న కొమ్మ ఒకటి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఆగితే వెనకాల వస్తున్న షెరీఫు మనిషి జీపూ ఆగాలి. ఆర్డిస్ ఆగలేదు. పళ్లు బిగించి దాని మీదుగా పోనిచ్చింది. కింద ఏదో గట్టిగా గీరుకుంది. లోపల గిన్నెలు దొర్లాయి, కుక్కలన్నీ ఒక్కసారి ఊళ వేశాయి. లైల్ గొంతు మాత్రం మారలేదు. తెల్లగీత, తెల్లగీత, ఎడమకి, చాలు, తెల్లగీత. ఆ గొంతు పట్టుకునే ఆమె ఆ లోయంతా దిగింది.

వంతెన దాటాక ఉన్నట్టుండి నీలాకాశం కనబడింది. మామూలు మధ్యాహ్నం, గడ్డిలో ఆవులు. పెన్నీ వాటిని తిట్టడం మొదలుపెట్టింది. ఆర్డిస్ బండి పక్కకు తీసి ఆపింది గానీ వేళ్లు స్టీరింగు వదల్లేదు. లైల్ ఒక్కొక్క వేలూ మెల్లగా విడదీశాడు.

"లైల్" అంది ఆమె. "స్టవ్వు కట్టేశానంటావా?"

ఇద్దరూ కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వారు.

కింది ఊళ్లో బడి ఆవరణలో అందరినీ చేర్చారు. సాయంత్రానికి పడవలవాళ్లను బస్సులో తీసుకొచ్చారు. మొహాలు నెత్తురుచుక్క లేకుండా ఉన్నాయి. బస్సు ఆగీఆగకముందే ఆర్డిస్ బండి తలుపు తీసింది. ఆ పచ్చిక మీద ఆ సాయంత్రం కుక్కల కింద పడి దొర్లని మనిషి లేడు. బొచ్చుకుక్క యజమానురాలైన కుర్రపిల్ల ఆర్డిస్ మెడ పట్టుకుని వదల్లేదు. పిల్లి ఎవరిదంటే షెరీఫు మనిషి సిగ్గుపడుతూ, "మకాంలో తిరుగుతుంటుందండీ, నేనే తీసుకెళ్తాను" అన్నాడు.

డెల్బర్ట్ చివర దిగాడు. ట్రెయిలరు కాలిపోయిందని అప్పటికే తెలిసింది అతనికి. వేటకుక్కలు రెండూ గుండెల మీదికి దూకితే మోకాళ్ల మీద కూలబడ్డాడు. వాటి మెడల్లో మొహం దాచుకున్నాడు. తరవాత లేచి, ముక్కు చీదుకుని, ఆర్డిస్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కింద గీరుకుపోయింది" అన్నాడు.

"పోయింది."

"నేను బాగుచేస్తాను. ఇనుము పని నాకు బాగా తెలుసు." తరవాత నేలచూపులు చూస్తూ అన్నాడు. "తల్లీ, నువ్వు వెనక్కి తీయడానికి ముప్పైసార్లు తీసుకో. నేనేమైనా అంటే నా కుర్చీ విరగ్గొట్టు."

ఆ రాత్రి కోరిన్ ఫోను చేసింది. "అమ్మా, టీవీలో చూశాను. ఆ బండి నడిపింది నువ్వేనా?"

"కాదు, గస్."

అవతల నవ్వూ ఏడుపూ కలిసి వినబడ్డాయి. "ఆ అపార్ట్‌మెంటు వాళ్లకి వద్దని చెప్పేస్తాలే."

"ఇంకా చెప్పలేదా నువ్వు?" అంది ఆర్డిస్.

చలికాలం అరిజోనా ఎడారికి వచ్చేసరికి కథ వాళ్లకంటే ముందే చేరింది. మొదట నోరీన్ అనే ఆవిడ వచ్చింది, చంకలో తెల్లటి చిన్న కుక్కతో. ఓక్లహోమా మనిషి. మొగుడు పోయిన దగ్గర్నుంచి వాళ్ల బండి ఆగినచోటే ఆగిపోయి, చక్రాల చుట్టూ ముళ్లపొదలు మొలిచాయి. "నేర్పుతారా?" అని అడిగింది.

"ఏడుస్తారా?" అంది ఆర్డిస్.

"ఏడుస్తానేమో."

"ఏడవండి. ఆపి ఏడవండి, అంతే."

నోరీన్ తరవాత ఇంకొకరు, ఆ తరవాత ఇంకొందరు. రోజూ పొద్దున ఎడారిలో ఖాళీ డబ్బాలు నిలబెట్టి, టోపీ పెట్టుకుని ఆర్డిస్ నిలబడేది. ఆడవాళ్లు బండ్లు ముందుకీ వెనక్కీ తీసేవారు. నలిగిన డబ్బాలకు లైల్ ఘనంగా అంత్యక్రియలు చేసేవాడు. వాళ్ల వెంటే ఎడారికి వచ్చిన డెల్బర్ట్, కొత్తగా కొన్న పాత ట్రెయిలరు ముందు మడతకుర్చీలో కూర్చుని, ఎవరైనా మగవాడు నవ్వబోతే గొంతు సవరించుకునేవాడు.

మార్చిలో ఎండ ముదిరాక నోరీన్ మొదట బయల్దేరింది. పొదలు నరికించి, చక్రాలు మార్పించి, ఒక్కతే ఓక్లహోమా దాకా. ఆమె హారను మోగిస్తూ రోడ్డెక్కుతుంటే నేర్చుకున్నవాళ్లందరూ వరసగా నిలబడి చేతులూపారు.

ఆర్డిస్, లైల్ ఈసారి ఉత్తరానికి కాక పడమటికి తిరిగారు. ఒరిగాన్ తీరంలో ఒక ఇసుకదిబ్బ వెనక ఆమె ఒక్కసారికే బండి నిలబెట్టింది. చూసి మెచ్చుకునేవాళ్లెవరూ అక్కడ లేరు, ఆమెకు అక్కర్లేదు కూడా. ముసలి గస్ ఇసుకలో మెల్లగా నడిచి, మొదటి అల దగ్గర ఆగి వాసన చూశాడు. తరవాత ఎవరో పిలిచినట్టు నేరుగా నీళ్లలోకి వెళ్లి ఈదసాగాడు. నేల మీద కుంటే ఆ కాళ్లు నీళ్లలో కుర్రకాళ్లయ్యాయి. పెన్నీ ఒడ్డున అటూ ఇటూ పరిగెడుతూ సముద్రాన్నంతటినీ తిట్టింది.

"ఎక్కడున్నాడు వాడు?" అన్నాడు లైల్, తల పక్కకు వంచి.

"ఎడమకి చూడు. ఇంకొంచెం" అంది ఆర్డిస్, అతని గడ్డం పట్టుకుని తిప్పుతూ. "కనబడ్డాడా?"

"కనబడ్డాడు" అన్నాడు లైల్. "భలే ఈదుతున్నాడే!"