ఒమన్ షెడ్డులో తెరిచిన తలుపు

2023 జూన్. బీదర్‌లో తొలకరి పడింది, చుట్టుపక్కల ఊళ్లలో సోయా విత్తుతున్నారు. బజారులో మా నాన్నగారి దాణా దుకాణం పక్క గదే నా క్లినిక్. నేను కోళ్ల డాక్టర్ని. జనవాడ నుంచి హుమ్నాబాద్ దాకా ఉన్న ఫారాల వాళ్లు చచ్చిన కోడిని సంచిలో వేసుకుని వస్తారు. నేను కోసి చూసి, ఏ జబ్బో చెప్పి, మందు రాసిస్తాను. ఆ రోజు వచ్చిన కేసుకు మాత్రం సంచీ లేదు, కోడీ లేదు. ఫోన్ తెరమీద నర్సింలు ముఖం ఒక్కటే ఉంది.

నర్సింలుది జనవాడ. అక్కడి ఫారంలో చాలా ఏళ్లు పనిచేశాడు. మన దగ్గర పాతకాలపు షెడ్లు రెండు పక్కలా జాలీతో తెరిచి ఉంటాయి. ఎండ ముదిరితే పరదాలు కిందికి దించి గాలి రానిస్తారు, చలేస్తే పైకెత్తి కడతారు. కోడి మెడ చాపి రొప్పడం మొదలుపెట్టకముందే నర్సింలు పరదా దించేవాడు. ఆ ఫారం మూతపడ్డాక ఏజెంటు ద్వారా ఒమన్ వెళ్లాడు. సముద్రానికి దూరంగా, లోపలి ప్రాంతంలో, హమద్ అనే ఆయన ఫారంలో కుదిరాడు. వెళ్లి మూడు నాలుగు నెలలయ్యిందేమో.

ఫోన్‌లో అతను చెప్పింది ఇదీ. బ్రాయిలర్ కోళ్లు పొద్దున బాగానే ఉంటాయి. మధ్యాహ్నం తిరిగేసరికి చస్తున్నాయి. నాలుగైదు రోజులుగా ఇదే వరస. ఏం తేడా వచ్చిందని అడిగితే, ఏం లేదన్నాడు. అక్కడ ఫ్యాన్లూ, నీటి పంపూ, జనరేటరూ చూసుకునేది రఫీక్ అనే బంగ్లాదేశ్ అతను. కోళ్లనూ దాణానూ చూసుకునేది నర్సింలు. రఫీక్ ఎండవేళ కునుకు తీస్తూ ఫ్యాన్లు ఆపేస్తున్నాడని యజమాని అనుమానం.

"రఫీక్‌ను ఇంటికి పంపిస్తనంటుండు మాలిక్. రఫీక్ మంచోడమ్మా. ఫ్యాన్లు ఎన్నడు బంద్ గాలే, నేను చెవులార వింటున్న. జర ఏం బీమారో చూడున్రి," అన్నాడు.

ఆ షెడ్ల సంగతి కొంచెం చెప్పాలి. ఎడారి ఎండకు మన తెరిచిన షెడ్డు పనికిరాదు. అక్కడివి నాలుగు పక్కలా మూసేసిన షెడ్లు. ఒక కొసన పెద్ద పెద్ద ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతాయి. ఇంకో కొసన తేనెపట్టులా రంధ్రాలున్న అట్టల గోడ ఉంటుంది, దానిమీద నీళ్లు పారుతుంటాయి. దాన్ని కూలింగ్ ప్యాడ్ అంటారు. బయటి వేడి గాలి ఆ తడి అట్టల్లోంచి దూరి, చల్లబడి, షెడ్డు పొడవునా సాగి ఫ్యాన్ల దగ్గర బయటికి పోతుంది. ఈ పద్ధతే టన్నెల్ వెంటిలేషన్. సొరంగంలో గాలి నడిచినట్టు నడుస్తుంది కాబట్టి ఆ పేరు.

ముందు జబ్బు కాదని తేల్చుకోవాలి. ఫోన్‌ను ఒక డబ్బాకు ఆనించి పెట్టమని, అప్పుడే చచ్చిన కోడిని నేను చెప్పినట్టు కోయమన్నాను. కందనకాయకు పైనుండే భాగంలో రక్తపు చుక్కలు ఉంటే రాణీఖేత్ అనే అంటుజబ్బు అనుకునేదాన్ని. అవేమీ లేవు. ఊపిరితిత్తులు నల్లగా కమిలి ఉన్నాయి, రొమ్ము కండ ఉడికించినట్టు తెల్లబోయింది. వడదెబ్బే. అంటే రఫీక్ మీద అనుమానానికి ఇంకాస్త బలం చేకూరినట్టే. ఆ మాట నర్సింలుతో అనలేదు.

చచ్చిన కోళ్లు షెడ్డులో ఎక్కడ పడుతున్నాయని అడిగాను. ఇలాంటి షెడ్డులో ఫ్యాన్లు ఆగినా, పంపు ఆగినా ఎక్కువ దెబ్బ ఫ్యాన్ల కొసన తగలాలి. గాలి అక్కడికి చేరేసరికి వేడెక్కిపోతుంది గనక. నర్సింలు కాసేపు ఆలోచించి, ఫ్యాన్ల దగ్గర కాదు, నడిమిట్ల నుంచి ప్యాడ్ వైపు ఎక్కువ అన్నాడు. నాకు అర్థం కాలేదు. అది షెడ్డులో అన్నిటికన్నా చల్లగా ఉండాల్సిన చోటు.

మర్నాడు మధ్యాహ్నం వీడియో కాల్‌లోనే నన్ను షెడ్డంతా తిప్పమన్నాను. దాణా సంచి కుట్టిన దారం ఒకటి ఊడదీసి, కెమెరా ముందు వేలాడదీస్తూ నడవమన్నాను. గాలి ఎటు పోతోందో, ఎంత బలంగా ఉందో దారమే చెబుతుంది. ఫోన్‌లోంచి ఫ్యాన్ల హోరు బీదర్ దాకా వినిపిస్తోంది. అన్నీ తిరుగుతున్నాయి, రఫీక్ తప్పేమీ లేదు. ప్యాడ్ మీద నీళ్లు పారుతున్నాయి, కాకపోతే అక్కడి ఉప్పు బోరు నీళ్లకు అట్టల మీద తెల్లగా పొర కట్టింది. దాని ముందు దారం కదిలీ కదలనట్టు ఉంది. కోళ్లు రెక్కలు విప్పి, నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. నర్సింలు నడుచుకుంటూ నడిమికి వచ్చాడు. అక్కడ దారం ఒక్కసారి పక్కకు ఎగిరి ఫ్యాన్ల వైపు తిరిగింది. నేలమీది ఊక మీద ఎండ తెల్లటి చారలా పడి ఉంది. ఆ షెడ్డుకు కిటికీలు లేవు.

"ఆ ఎండ ఏడికెళ్లి పడుతుంది నర్సింలూ?" అన్నాను.

"పక్క తల్పమ్మా. నేనే తీసిన. అవి ఎట్ల రొప్పుతున్నయో చూస్తున్నరు గద. జర గాలి తగులుతదని పగటీలి తీస్తున్న. మాలిక్ వచ్చే యాళ్లకు మూస్త."

ఫ్యాన్లు లాగే గాలి ఎటు సులువుగా వస్తుందో అటే వస్తుంది. ఉప్పు పట్టిన తడి అట్టలను వదిలి ఆ తలుపులోంచే దూరుతోంది, అదీ ఎడారి వేడి గాలి. తలుపుకూ ప్యాడ్‌కూ మధ్య ఉన్న కోళ్లకు గాలే అందడం లేదు. వాటిని బతికించాలని నర్సింలు రోజూ చేస్తున్న పనే వాటిని చంపుతోంది.

రఫీక్‌కు ఇది ఎందుకు కనబడలేదంటే, జనరేటర్ గది షెడ్డుకు అవతలి పక్క. తలుపు తెరవొద్దని నర్సింలుకు మొదట్లోనే చెప్పారు గానీ ఎందుకో చెప్పలేదు. పిల్లులు దూరతాయనీ, జబ్బులు వస్తాయనీ ఆ మాట అన్నారనుకున్నాడు.

ముందు తలుపు మూయమన్నాను. మూశాక దారం పట్టుకుని మళ్లీ ప్యాడ్ దగ్గరికి వెళ్లమన్నాను. ఈసారి దారం ఫ్యాన్ల వైపు వాలింది. అప్పుడు విడమరిచి చెప్పాను. నర్సింలు వింటూ ఊక మీద కూర్చుండిపోయాడు. ఫోన్ చేతిలోనే ఉంది, తెరమీద షెడ్డు పైకప్పు కనిపిస్తోంది. అలా కూర్చునే అడిగాడు.

"అమ్మా, ప్యాడ్లు ఖరాబైనయని చెప్పున్రి మాలిక్‌కు. అది అబద్ధమైతే గాదు గద."

"అబద్ధం గాదు. గని తల్పు మూసి ఉంటే ఇన్ని కోళ్లు సచ్చేటివి గావు. ప్యాడ్లు చూసుకునేది రఫీకే గద. ఆ మాట చెప్తే రఫీక్‌నే పంపిస్తరు."

ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టలేదని ముఖం చూస్తే తెలిసింది. మర్నాడు హమద్‌గారు నాకు ఫోన్ చేసి నా అభిప్రాయం అడుగుతారని అతనే చెప్పాడు. ఆయన అడిగితే తలుపు సంగతి దాచలేనన్నాను.

"నువ్వే ముందుగాల చెప్పుకో నర్సింలూ. నా నోటికెళ్లి వినేకన్న నీ నోటికెళ్లి వింటే నయం."

"నన్ను ఎల్లగొడ్తే?"

తెలియదని చెప్పాను. అతను ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రమంతా నాకు పని మీద మనసు నిలవలేదు. నిజం చెప్పించడం వైద్యంలో భాగమేనని అనుకున్నాను గానీ, దానికి నష్టపోయేది నేను కాదు.

మర్నాడు పొద్దున్నే హమద్‌గారు ఫోన్ చేశారు. పనివాళ్ల దగ్గర నేర్చిన హిందీ ఆయనది, మా బీదర్ దక్కనీ నాది. రెండూ బాగానే కలిశాయి. నేను నోరు తెరవకముందే ఆయన, నర్సింలు వచ్చి అంతా చెప్పాడనీ, అదీ రఫీక్ ఎదుటే చెప్పాడనీ అన్నారు. తర్వాత ఒక్కటే అడిగారు. మీ దేశంలో నిజంగానే ఎండకు తలుపులూ పరదాలూ తెరుస్తారా అని. తెరుస్తారు, తెరవకపోతే మా దగ్గర కోళ్లు చస్తాయి అన్నాను. అయినా వద్దన్న తలుపు ఎందుకు తెరవాలని ఆయన కోప్పడ్డారు.

కోపం తగ్గాక చాలాసేపు మాట్లాడారు. వాళ్ల నాన్న ఖర్జూరపు తోటలో నీడపట్టున నాలుగు నాటుకోళ్లు పెంచేవాడట. ఇప్పుడు ప్రభుత్వం మన కోడి మనమే పెంచుకోవాలంటోంది, కొత్త ఫారాలు లేస్తున్నాయి, గిరాకీకి కొదవ లేదు. గల్ఫ్‌లో చుట్టుపక్కల దేశాల్లోనూ ఇదే కథ అన్నారు. "కానీ డాక్టర్ సాబ్, దాణాకు మక్కలూ సోయా ఓడలో వస్తాయి. మిషన్లు బయటివి, పిల్లల్ని పెట్టే జాతి కోళ్లు బయటివి, పనివాళ్లు మీవాళ్లు. ఇందులో మాది ఏముంది? ఎండ ఒక్కటే," అన్నారు. షెడ్డు కొనడం సులువే, అందులో రోజంతా ఉండే మనిషికి ఆ షెడ్డు ఎలా పనిచేస్తుందో చెప్పేవాడే లేడు, అది తన తప్పు కూడా అన్నారు.

రఫీక్ ఉద్యోగం నిలిచింది. నర్సింలును ఆ బ్యాచ్ పూర్తయ్యేదాకా షెడ్డులోకి రానివ్వలేదు, దాణా లారీల దగ్గర బస్తాలు దింపే పనికి పెట్టారు. తర్వాతి బ్యాచ్‌కు మళ్లీ పిలిచారు. ప్యాడ్లు మార్చారు. రఫీక్ కొన్ని రోజులు నర్సింలుతో మాట్లాడలేదట. తర్వాత ఒకరోజు తనే షెడ్డులోకి పిలిచి, ఏ మీట నొక్కితే ఏ ఫ్యాన్ తిరుగుతుందో మొదటి నుంచి చూపించాడట. నర్సింలు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఆ కేసు తర్వాత నేను రైతును అడిగే తీరు మారింది. ఇదివరకు, ఏం తేడా వచ్చింది, ఎక్కడ తప్పు జరిగింది అని అడిగేదాన్ని. అందరూ ఏం లేదనే చెప్పేవాళ్లు. నర్సింలు కూడా అలాగే చెప్పాడు, అబద్ధమాడి కాదు. ప్రేమతో చేసిన పనిని తప్పుల్లో ఎవరు లెక్కేసుకుంటారు?

మొన్న చలికాలంలో బగ్దల్ నుంచి ఒక రైతు వచ్చాడు. కోడిపిల్లలు కళ్లు మూసుకుపోయి, మూలన చేరి కూర్చుంటున్నాయన్నాడు. ఏం తేడా లేదన్నాడు. "ఈ వారం వాటికోసం నువ్వేం చేసినవు?" అని అడిగాను. అతని ముఖం విప్పారింది.

"చలి పెడుతుందని పరదాలన్నీ గట్టిగ కట్టినమ్మా. ఒక్క సందు లేకుండ, పాత గొంగళ్లు సుత కప్పిన," అన్నాడు.

బయటికి పోయే దారి లేక, ఊకలోని రెట్ట నుంచి లేచే అమ్మోనియా ఘాటుకు పిల్లల కళ్లు మండుతున్నాయి. అతన్ని బండి ఎక్కించుకుని ఫారానికి వెళ్లాను. ఇద్దరం కలిసి, పైనుంచి మూరెడు సందు ఉండేలా పరదాలు దించాం.